టెలిస్కోప్ కింద నిమ్మకాయలు

చిరాగ్ అలీ లేన్, ఆబిడ్స్
ఆదివారం

ప్రియమైన శశీ,

ప్రియమైన అని చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు, ఉండనీ. మన కళ్ళజోళ్ళ షాపు ఈ గది నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అలాంటిది పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళి నీకు ఉత్తరం వేయడమేమిటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోగా నువ్వు నాలుగు మాటలు సర్దిచెబుతావు. ఫ్రేమ్ నచ్చలేదని వచ్చిన మనిషికి మళ్ళీ అదే ఫ్రేమ్ నచ్చజెప్పి పంపే నోరు నీది. కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు. చివరిదాకా చదవాల్సిందే.

అమ్మకి కాస్త నయం. వాపు తగ్గింది. కుట్లు విప్పారు. జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం తప్ప ఇంకేమీ తినలేకపోతోంది. ముందు పళ్ళు పైనా కిందా లేవు కదా, మాట సగం గాలికే పోతోంది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది, నా ముందు కూడా. పొద్దున లేవగానే ఒకటే మాట. "జర బాగైనంక ఇంటికి పోత బిడ్డా. కోళ్లు ఏమైనయో ఏమో. గీ గదిల నాకు ఊపిరాడ్తలేదు." నువ్వేమో ఫోన్లో, "ఆవిణ్ణి మనింట్లోనే ఉంచుకుందాం సునందా, ఇక ఆ ఊరితో మనకేం పని" అంటున్నావు. మనకు పని లేకపోవచ్చు. ఆమెకు ఉన్నదే ఆ ఇల్లు, ఇంటి వెనక ఆ చేను. నాన్న పోయాక ఒక్కతే అక్కడ ఉండి నన్ను చదివించింది.

నాంపల్లి ఇల్లు వదిలి నేనిక్కడ గది తీసుకున్నది ఆసుపత్రికి దగ్గరని అనుకుంటున్నావు. నేనే అలా చెప్పాను. అది నిజం కాదు. అసలు సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

నువ్వు డాబా మీద ఆ టెలిస్కోప్‌ని సిద్ధం చేసిన రోజుల్లో నేనూ సంతోషంగానే ఉన్నాను, కాదనను. పగటిపూట స్టేషన్ వైపున్న సెల్ టవర్ కొసకి గురిపెట్టి, పెద్ద గొట్టంలోనూ దాని వీపు మీది చిన్న గొట్టంలోనూ అదే కొస కనిపించేదాకా మరలు తిప్పుతూ కూర్చునేవాడివి. పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పొద్దని నాకు, అత్తయ్యకి, చివరికి పిట్టగోడ మీది పిల్లికి కూడా చెప్పావు. యంత్రం తేదీ అడిగితే మనలాగా రోజు ముందు, నెల తర్వాత కొట్టావు. అదేమో నెల ముందు వేసుకునే దేశపు సరుకు. ఆ సాయంత్రం నక్షత్రాన్ని చూపించమంటే గుర్రుమంటూ తిరిగి డాబా గచ్చుకేసి చూసింది. ఎంత నవ్వుకున్నాం! తేదీ, టైము, ఊరు సరిచేసి, రెండు పెద్ద నక్షత్రాలని దానికి గుర్తుపట్టించాక, ఏదడిగితే అది తనే వెతికి పెట్టింది. కాకపోతే ఆబిడ్స్ దీపాల వెలుగులో, నాంపల్లి పొగలో కనిపించేదేముంది? చీకటి కావాలన్నావు. చంద్రుడు లేని రాత్రి, దీపాలు లేని చోటు.

ఆ చోటు నన్నడగలేదు నువ్వు. నేరుగా మా అమ్మకే ఫోన్ చేశావు. అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనే అత్త మా వైపు ఉంటుందా? "మన చేన్లనే సూస్కో కొడుకా, నీ ఇష్టం" అంది. జొన్నరొట్టెలు చేసి పెడతానని కూడా అంది.

అమావాస్యనాడు కొత్త వస్తువుని గడప దాటించడమేమిటని అత్తయ్య గొడవ చేసింది. నువ్వు చీకటి మీద ఉపన్యాసం ఇచ్చావు. నేనూ వచ్చేదాన్నే. ఆ రోజు బయట ఉన్నానని, కొత్త వస్తువుని తాకకూడదని ఆవిడ అంటే, పిల్లలకి సైన్సు చెప్పే నేను నోరు మూసుకుని ఆగిపోయాను. వచ్చి ఉంటే అంతా అక్కడే చూసేదాన్ని, ఇంత దూరం రానిచ్చేదాన్ని కాదు.

ఆ తర్వాతది ఊరంతటికీ తెలిసిందే. నువ్వూ నీ స్నేహితులిద్దరూ చేను మధ్యలో టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, గుసగుసగా మాట్లాడుకుంటూ నక్షత్రాలు చూశారు. చీకటికి అలవాటు పడిన కళ్ళు చెదరకూడదనే ఎర్రదీపమని నాకు తెలుసు. ఊరికి తెలుసా? మర్నాడు మబ్బు పట్టిందని మీరు మళ్ళీ వెళ్ళలేదు, అక్కడివి తుడిచెయ్యనూ లేదు. ఆ దారిన పోయినవాళ్ళకి చేలో తెల్లటి ముగ్గు గుండ్రం, మధ్యలో గీత, గుండ్రం లోపల మూడు గుంటలు కనిపించాయి. ఒక్కో గుంటలో చితికిన నిమ్మకాయ, కుంకుమ. ఆ వారంలోనే భూపాల్ కూతురు నవతకి జ్వరం, ఫిట్స్ వచ్చాయి. పట్నం తీసుకొచ్చేసరికే ఆలస్యమైంది. మెదడువాపన్నారు. బడిలో అప్పుడప్పుడే వేసిన పిల్ల.

భూపాల్ ఎవరో కాదు, మా బాబాయి కొడుకు. వాళ్ళమ్మ పోతే మా అమ్మ చేతి ముద్ద తిని పెరిగాడు. పిల్లని పూడ్చి వచ్చిన సాయంత్రం వాడే నలుగురిని వెంటబెట్టుకుని మా గడప తొక్కాడు. "పట్నం మంత్రగాండ్లను విలిపించి బాణామతి జేయిస్తివి గదనే పెద్దమ్మా" అన్నాడట. మంత్రం మళ్ళీ పలక్కుండా పళ్ళు పీకేస్తే విరుగుడని మా వైపు నమ్ముతారు. పట్టకారు తెచ్చుకుని వచ్చారు. ఇంతకన్నా రాయలేను.

స్టేషన్లో ఎస్సై నిన్ను అడుగుతున్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. "ముగ్గు మాదే సార్, టెలిస్కోప్ కాళ్ళు మళ్ళీ అదే చోట, అదే దిక్కుకి పెట్టుకోవడానికి గుర్తు. నిమ్మకాయలు, కుంకుమ మాకు తెలీదు. మేం సైన్సు వాళ్ళం" అన్నావు. నమ్మాను. ఎవరో గిట్టనివాళ్ళు పెట్టి ఉంటారనుకున్నాను. అంతటితో ఆగక ఆసుపత్రిలో అమ్మనే అడిగాను, "నువ్వేమన్న దిష్టి తీసినవా అమ్మా" అని. మాట్లాడలేక తల అడ్డంగా ఊపింది. కట్టు కట్టిన ఆ మొహాన్ని నా చేత ఆ ప్రశ్న అడిగించింది నీ మాట.

మర్నాడు బట్టల కోసం ఇంటికి వస్తే అత్తయ్య కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, ఎంతో ప్రేమగా అంది. "మీ అమ్మకి తగ్గుతుందిలేమ్మా, బెంగపెట్టుకోకు. నేను దణ్ణం పెట్టుకుని ఇచ్చాను కాబట్టి ఇంతటితో పోయింది. మూడు కాళ్ళ కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించమన్నాను, బుద్ధిగా పెట్టాడు. అవే నా కొడుకుని కాపాడాయి. లేకపోతే ఆ ఊరివాళ్ళు వీణ్ణి బతకనిచ్చేవారా?"

కొత్త స్కూటరు చక్రాల కింద పెట్టినట్టు, నీ కంప్యూటరు టెలిస్కోప్‌కి! ముందు నవ్వొచ్చింది నాకు. తర్వాత కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి సంచితో బయటపడ్డాను. అత్తయ్య మీద నాకు కోపం లేదు. ఆవిడ దాచలేదు, అందులో దాచాల్సింది ఉందని ఆవిడకి తెలియనే తెలియదు. దాచింది నువ్వు. సైన్సు మనిషివి నిమ్మకాయ పెట్టావంటే స్నేహితులు నవ్వుతారని దాచావు. నీవి కాకపోతే ఆ నిమ్మకాయలు ఎవరివవుతాయి శశీ? చేను ఎవరిదో వాళ్ళవి. కేసు పెట్టాం, భూపాల్‌నీ ఆ నలుగురినీ పట్టుకెళ్ళారు, బెయిలు మీద తిరిగి వచ్చేశారు కూడా. ఊళ్ళో మాత్రం ఇవాళ్టికీ అమ్మ పేరే, యాదవ్వ చేయించిందని.

నాకు కావలసింది ఒక్కటే. ఆ ఊరికి వెళ్ళు. అవి పెట్టింది నేనని అందరి ముందూ చెప్పు. టెలిస్కోప్ పట్టుకెళ్ళి అదేం చేస్తుందో వాళ్ళకి చూపించు. అమావాస్యకి కాదు, నెలవంక ఉన్న సాయంత్రం, దీపాలన్నీ వెలిగించి. అమ్మ తన ఇంట్లో తన పొయ్యి ముట్టించుకున్నాకే నేను నాంపల్లి వస్తాను. అంతవరకు రాను. ఇది అలక కాదు, బతిమాలితే తగ్గదు.

నీ
సునంద


నాంపల్లి
శనివారం

సునందూ,

నీ ఉత్తరం షాపుకి వచ్చింది. ఒకాయనకి పవర్ చూస్తూ, అది మధ్యలో ఆపేసి చదివాను. ఆయన పాపం కళ్ళజోడు లేకుండా, ఎవరు ఎక్కడున్నారో తెలియక అలాగే కూర్చున్నాడు.

సర్దిచెప్పను. మా అమ్మ గడపలో అడ్డంగా నిలబడింది, అందుకే పెట్టానని రాద్దామనుకున్నాను. అది సగమే. చేలోకి వెళ్ళి చుట్టూ అంత చీకటి చూసేసరికి పెడితే మంచిదని నాకే అనిపించింది. ఇష్టంగానే పెట్టాను. స్నేహితులు కారు దగ్గర సామాను దించుతుంటే వాళ్ళు చూడకుండా పెట్టాను. స్టేషన్లో వాళ్ళిద్దరి మధ్య నిలబడి ఆ మాట అనలేకపోయాను. ఆ రోజు అననిది మర్నాడు అనడం ఇంకా కష్టమైంది.

నిన్న వెళ్ళి వచ్చాం. అమ్మ కూడా వచ్చింది. నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను, కాఫీ ముచ్చటతో సహా. "మనింట్లో సైకిల్ కొన్నా పెడతాం కదరా. అది వాళ్ళ కళ్ళకి అలా కనిపిస్తుందని నాకేం తెలుసు" అంది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "పద, నేనూ వస్తాను. ఇచ్చిన చెయ్యి నాది." ఆ మోకాళ్ళతో అంత దూరం కారులో కూర్చుని, దారిలో మంచినీళ్ళు కూడా తాగలేదు.

ముందు స్టేషన్‌కి వెళ్ళి నేను చెప్పింది అబద్ధమని రాసిచ్చాను. ఎస్సై నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "సదువుకున్నోళ్లు మీరే గిట్ల జేస్తే ఎట్ల సార్" అని, ఒక కానిస్టేబుల్‌ని మా వెంట పంపాడు.

చేలో కాదు, ఊరి బడి ముందు లైటు కింద టెలిస్కోప్ పెట్టాను. పడమట నెలవంక ఉంది. రసమట్టం పెట్టి కాళ్ళు సరిచేశాను. ముగ్గు వేయలేదు. జనం వచ్చారు గానీ దూరంగా నిలబడ్డారు. యంత్రం గుర్రుమని చంద్రుడి వైపు తిరగ్గానే ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. గొట్టంలో కన్ను పెడితే పానం గుంజుతదని ఎవరో అనడం వినిపించింది. దారి పొడుగునా నేను అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. అప్పుడు అమ్మ కారు తలుపు పట్టుకుని దిగి, అందరి మధ్యకీ నడిచింది.

"ఆ నిమ్మకాయలు నావి" అంది. "మా వీధిలో బండి మీద నేనే కొన్నాను. కుంకుమ బేగం బజార్‌ది. నా కొడుకు వస్తువుకి దిష్టి తగలకూడదని నేనే ఇచ్చి పంపాను. యాదవ్వ గారికి ఆ సంగతే తెలియదు. కొట్టేవాళ్ళుంటే నన్ను కొట్టండి. నాకూ పళ్ళున్నాయి."

నా తల్లిని నేను అలా ఎన్నడూ చూడలేదు. అప్పుడు నాకు నోరు పెగిలింది. పెట్టింది నేనని, పోలీసులకి అబద్ధం చెప్పింది నేనని చెప్పాను. ఎవరైనా తిడితే బాగుండేది.

మొదట ముందుకొచ్చింది కిష్టవ్వ అనే ముసలామె. "కాటికి కాళ్లు జాపిన దాన్ని, గుంజితే గుంజనీ" అంటూ వచ్చి కన్ను పెట్టింది. పెట్టి ఎంతకీ తీయదే. "ఓయమ్మో, సందమామకు అమ్మోరు వోసినట్టుంది గదనే! మొకం నిండ గుంటలే!" అని అరిచింది. నవ్వారు. ఆ నవ్వుతో భయం సగం పోయింది. తర్వాత వరస కట్టారు. పిల్లలు ఒకసారి చూసి మళ్ళీ వెనక్కి పోయి వరసలో నిలబడ్డారు.

భూపాల్ బడి మెట్ల మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. పిలిచే ధైర్యం నాకు లేదు. అందరూ అయ్యాక తనే లేచి వచ్చి చూశాడు. చంద్రుడు జారిపోకుండా యంత్రం మెల్లగా వెంట తిరుగుతూనే ఉంది, అతను కన్ను తీయలేదు.

"గిది సూడనీకేనా మీరొచ్చింది?" అన్నాడు.

ఔనన్నాను.

"ఇంకేం లేదా?"

లేదన్నాను. అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు. "మరి నా బిడ్డ ఎట్ల వోయింది?" అన్నాడు. జ్వరంతో పోయిందని అక్కడున్న అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

చివరికి ఊరి పెద్ద సాయన్న వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "గలతీ అయింది సార్. యాదవ్వను తోల్కరాండ్రి. ఇల్లు ఆమెది, ఊరు ఆమెది. ఎవ్వడన్న ఒక్క మాటంటే నేను జూస్కుంట" అన్నాడు. భూపాల్ కూడా తల ఊపాడు. కోళ్ళు కిష్టవ్వ దగ్గర ఉన్నాయట, ఫికర్ చేయొద్దని చెప్పమంది.

కేసు కేసుగానే నడుస్తుంది, దాన్ని వెనక్కి తీసుకునే ప్రసక్తి లేదు. అత్తమ్మని ఎప్పుడు తీసుకెళ్దామో చెప్పు, కారు తెస్తాను. ఆవిడ పొయ్యి ముట్టించాకే మనం నాంపల్లి వద్దాం. నువ్వన్నట్టే.

నీవాడు
శశికిరణ్


చిరాగ్ అలీ లేన్, ఆబిడ్స్
మంగళవారం

నా శశీ,

ఈసారి ఈ పిలుపు అలవాటుగా రాసింది కాదు. నీ ఉత్తరం చదివాక నీ మీది కోపం వెతుక్కున్నా దొరకలేదు. అత్తయ్యకి నా దణ్ణాలు చెప్పు. మోకాళ్ళకి ఆ నూనె నువ్వే మర్దన చెయ్యి, ఆవిడ అడగదు.

ఉత్తరం మొత్తం అమ్మకి చదివి వినిపించాను. సందమామకి అమ్మోరు పోసిన దగ్గర పకపకా నవ్వింది. కొంగు జారిపోయిన సంగతి కూడా మరిచిపోయింది. అత్తయ్య మాటలు రెండోసారి చదివించుకుంది. "గట్లన్నదా మీ అత్త? గంత దూరం వొచ్చి, గంత మందిల?" అని కళ్ళొత్తుకుంది. భూపాల్ కూలబడ్డాడన్న చోట చదవడం ఆపించింది. "వాడు అన్నం తింటున్నడా?" అని అడిగింది. తన నోట్లో పట్టకారు పెట్టినవాడి గురించి! నాకు ఒళ్ళు మండింది. "నవత పుట్టినప్పుడు లాలవోసింది నేనే గదనే" అంది.

నేను చదవడం ముగించి లేచాను. ఇక ఆగడమెందుకని ఆమె చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాను. రేపే వెళ్దామన్నాను. నీకు ఫోన్ చేయబోతున్నాను కూడా. అమ్మ మంచం మీద అలాగే కూర్చుని ఉంది.

"అందరు జూసిన్రా?" అంది.

"ఔ అమ్మా. పిల్లలు, పెద్దలు, అందరు."

"భూపాల్ గూడ?"

"ఔ."

"జూసినంక నమ్మిన్రా?"

"నమ్మిన్రమ్మా. గలతీ అయిందన్నరు. ఊరు నీదేనన్నరు."

"మల్ల చీరలు గాడనే పెట్టు. నేను పోను బిడ్డా."

మొదట నాకు అర్థం కాలేదు. భయపడుతోందనుకున్నాను. పోలీసులున్నారన్నాను, సాయన్న మాటిచ్చాడన్నాను, నువ్వు వారం వారం వెళ్ళి చూసి వస్తావన్నాను, తప్పు తెలుసుకున్నారన్నాను. నీలాగే సర్దిచెప్పాను శశీ, ఒకదాని మీద ఒకటి.

"ఏం దెల్సుకున్నరు?" అంది. "నిమ్మకాయలు నావి గావని తెల్సుకున్నరు. అంతే గదా. రేపు ఇంకో పిల్లకు జరమొస్తే? గప్పుడు మీ అత్త రాదు, అల్లుడు గొట్టం వట్టుకొని రాడు."

నీకు నేను పెట్టిన షరతు గుర్తుందిగా. నేను అడిగినదంతా నువ్వు చేశావు, అంతకన్నా ఎక్కువే చేశావు. అయినా ఆ షరతు తీరలేదు, ఇక తీరదు. కాబట్టి దాన్ని నేనే కొట్టేస్తున్నాను. అమ్మని తీసుకుని నాంపల్లి వస్తాను. ఆ ఇంట్లో ఆమెకి ఊపిరాడదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఇంకో చోటు మాకు లేదు. రేపు సాయంత్రం షాపు కట్టేశాక వచ్చి తీసుకెళ్ళు. వచ్చినప్పుడు ఆమెకి ఏమీ నచ్చజెప్పకు. నాతో అన్న చివరి మాట ఆమె అన్నది అన్నట్టుగానే రాస్తున్నాను.

"నేను గా ఊరికి కోడలై వొచ్చిన కాడికెల్లి వాండ్ల కండ్ల ముంగటనే ఉన్న. కాన్పులకు వోయిన, సావులకు వోయిన. తల్లి లేని పోరనికి ముద్దలు వెట్టిన. గన్నేండ్లు నన్ను జూసి నమ్మలే. గా గొట్టంల జూసి నమ్మిన్రా బిడ్డా?"

నీ
సునంద